మూడోవాడి చేతిలో రెండోవాడి చీటీ

2021 మార్చి 2, మంగళవారం. గిట్‌హబ్‌లో తన పేరు మీద లాగినై, తన పనేదో తాను చూసుకుంటున్న ఒకరు ఇంకో పేజీ తెరిచారు. పేజీ తెరుచుకుంది. కానీ ఆ ఖాతా తనది కాదు. ముక్కూ మొహం తెలియని ఇంకెవరిదో. పాస్‌వర్డ్ అడగలేదు. ఏ తాళమూ పగలగొట్టలేదు. తన ఇంటి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే అది పక్కవీధి వాళ్ళ వంటగది అయినట్టు.

అలాంటి చోట ఎవరి బుద్ధి ఎటు పోతుందో చెప్పలేం. గిట్‌హబ్ అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడు దాచుకునే చోటు. 2020 చివరికే 5 కోట్ల 60 లక్షల మంది అక్కడ ఉన్నారు. 2018లో మన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది దీన్నే. లోకానికి చూపించని కోడు, కంపెనీల గుట్లు, అన్నీ ఆ గోడల వెనకే. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి వద్దామనిపించడం మానవ సహజం. ఆ మనిషి మాత్రం వెంటనే లాగౌట్ నొక్కి, జరిగింది జరిగినట్టు గిట్‌హబ్ సహాయ విభాగానికి రాశారు. ఈ కథలో నాకు అందరికంటే నచ్చిన మనిషి ఆయనో, ఆవిడో, ఆ ఒక్కరే.

అప్పటికి మా పల్నాడు ఇంకా విడి జిల్లా కాలేదు. గుంటూరులోనే ఉన్నాం. నరసరావుపేటలో శివరాత్రి హడావుడి మొదలైంది. ఆ ఏడు పండగ మార్చి 11న. కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభలు కడుతున్నారు. వెదుళ్ళు చీల్చే చప్పుడు, రంగు కాగితాలు, కరెంటు ప్రభలకు బల్బుల దండలు. నేను హైదరాబాదు ఉద్యోగాన్ని కరోనా పుణ్యమా అని పేటలో మా ఇంటి మేడ మీద నుంచి చేస్తున్నాను.

కొండ మాట ఎందుకెత్తానంటే, సెషన్ అంటే ఏమిటో మా ఊరివాడికి చెప్పాలంటే తిరునాళ్ళలో చెప్పుల స్టాండు కంటే మంచి ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు. స్టాండు దగ్గర కుర్రాడికి వేలమంది మొహాలు గుర్తుండవు. గుర్తుపెట్టుకోవాలని వాడూ అనుకోడు. చెప్పులకొక బిళ్ళ కడతాడు, అదే నంబరు బిళ్ళ మన చేతిలో పెడతాడు. త్రికోటేశ్వరుణ్ణి చూసి కిందికి వచ్చాక బిళ్ళ ఇస్తే చెప్పులు ఇస్తాడు. ఇచ్చిన బిళ్ళను చూస్తాడే గాని మన మొహం చూడడు.

వెబ్‌సైటు సర్వరుదీ అదే తంతు. దానికి మతిమరుపు పుట్టుకతోనే ఉంది. ఒక పేజీ అడిగారు, ఇచ్చింది, మరిచిపోయింది. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగితే కొత్తవాడి కింద లెక్క. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీకి ఈ మతిమరుపే తలనొప్పి అయింది. ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీకి ఆన్‌లైన్ దుకాణం కట్టాలి. సగం కొని సగంలో ఆపినవాళ్ళ లెక్కలన్నీ తమ సర్వర్లలో మోయడం ఆ కంపెనీకి ఇష్టం లేదు. మరి బుట్టలో ఏం వేశాడో ఎవరు గుర్తుపెట్టుకోవాలి? మాంటుల్లీ ఆ చీటీని కొనేవాడి బ్రౌజర్‌కే ఇచ్చి పంపాడు. దానికి ‘కుకీ’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత వెబ్‌లో లాగిన్లు చాలావరకు ఆ చీటీ మీదే నడుస్తున్నాయి. పాస్‌వర్డ్ ఒక్కసారి చెబుతాం. ఆ పైన ప్రతి పేజీకీ మన తరఫున చూపించేది కుకీలోని సెషన్ నంబరే.

బిళ్ళనే నమ్మే చోట బిళ్ళ దొంగలు పుడతారు. 2010 అక్టోబరులో శాన్ డియేగోలో ఎరిక్ బట్లర్ ‘ఫైర్‌షీప్’ అనే చిన్న పనిముట్టు చూపించాడు. తాళం లేని వైఫైలో పక్కన కూర్చున్నవాడి కుకీని గాల్లోంచి పట్టుకుని, ఒక్క నొక్కుతో వాడి ఖాతాలోకి దూరొచ్చు. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ నుంచి ఇలాంటి లాగిన్ చీటీలే, టోకెన్లంటారు, కోట్లలో పోతే, ఆ సంస్థ 9 కోట్ల మందిని ఉన్నపళంగా బయటికి పంపి మళ్ళీ లాగిన్ చేయించింది. అవి దొంగల కథలు. గిట్‌హబ్‌లో జరిగినదాంట్లో దొంగ లేడు. అందుకే దాన్ని పట్టుకోవడం అంత కష్టమైంది.

మొదటి ఫిర్యాదు వచ్చిన కొన్ని గంటల్లోనే ఇంకొకరి దగ్గర నుంచి అచ్చం అలాంటిదే రెండోది వచ్చింది. ఒక్కటైతే ఆ మనిషి భ్రమ అనుకోవచ్చు. రెండయ్యేసరికి ఇంజినీర్లు సర్వర్లు రాసుకునే చిట్టాల, అంటే లాగుల, గుట్టలు తిరగేశారు. ఫిర్యాదులు నిజమే. ఒకే సెషన్ ఉన్నట్టుండి రెండు వేరు వేరు ఐపీ చిరునామాల నుంచి కనిపిస్తోంది. అంటే ఒకే నంబరు బిళ్ళతో ఇద్దరు మనుషులు తిరుగుతున్నారు.

ముందు అనుమానం ఇటీవలే మార్చిన దారుల మీద పడింది. వచ్చిన జనాన్ని ఏ సర్వరుకు పంపాలో చూసే లోడ్ బ్యాలెన్సర్ల దగ్గర అప్పుడే కొన్ని మార్పులు చేసి ఉన్నారు. ఒకరికి పోవాల్సిన జవాబు తోవలో ఇంకొకరి చేతికి పోయిందా? ఊళ్ళో ఏది పోయినా కొత్తగా వచ్చినవాణ్ణి ముందు అడుగుతాం కదా, అదే న్యాయం. కానీ లెక్క కుదరలేదు. తారుమారైన రెండు సెషన్లూ ఒకే మిషనులో, ఆ మిషనులోనూ ఒకే ప్రాసెస్‌లో నడిచినట్టు తేలింది. గొడవ దారిలో లేదు, ఇంట్లోనే ఉంది.

ఇంకో వింత. బాధితుడికి వెళ్ళిన పేజీలో తప్పు లేదు. అడిగింది అడిగినట్టే, తనదే వెళ్ళింది. పేజీతో పాటు వెళ్ళిన కుకీ మాత్రం వేరొకరిది. ఎవరిది? కాస్త ముందు అదే ప్రాసెస్ దగ్గరికి వచ్చి వెళ్ళినవాళ్ళది. ఒక కేసులో ఇద్దరూ వెంటవెంటనే వచ్చారు. ఇంకో కేసులో మధ్యలో మరో ఇద్దరి పని జరిగింది.

ఆ వివరం చదివినప్పుడు నాకు వెన్నులో చల్లగా అయింది. ఎందుకో చెప్పాలంటే ఆరేడు నెలలు వెనక్కి, 2020 ఖరీఫ్‌కి పోవాలి.

పేటలో మా బాబాయికి ఎరువుల కొట్టుంది. యూరియా, డీఏపీ అమ్మకానికి వేలిముద్ర మిషను ఎటూ ఉంది. లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉన్నాను కదాని, అరువు పద్దులకు ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. వెబ్ అప్లికేషన్లు కట్టుకునే ఫ్లాస్క్ అనే పనిముట్టుతో. ఫ్లాస్క్ అసలు 2010 ఏప్రిల్ 1న ఆర్మిన్ రోనాకర్ చేసిన ఫూల్స్ డే వేళాకోళంలోంచి పుట్టింది. అంత చిన్నది, అంత తేలిక. నాలుగైదు వందల లైన్లలో పనైపోయింది. మూడు ఫోన్లు: బాబాయిది, ఇంట్లో పిన్నిది, కొట్లో గుమాస్తాది. ఎవరు ఏ పద్దు రాశారో పక్కన పేరు పడుతుంది. చాలా గర్వపడ్డాను.

పత్తికి మందు కట్టలు పోయే రద్దీ రోజుల్లో ఒక సాయంత్రం బాబాయి పిలిచాడు.

‘‘ఏందిరా ఇది? ఈ అరువు నేనెప్పుడు రాశాను? మాచర్ల వైపు రైతంట, నాలుగు కట్టలంట, పక్కన నా పేరుంది.’’

‘‘నువ్వే మర్చిపోయి ఉంటావులే బాబాయ్.’’

‘‘మర్చిపోయేంత ముసలోణ్ణి కాలేదురా అబ్బాయ్. నా ఫోను ఎవరి చేతికి అందుద్దో నాకు తెలుసు.’’

ఆయన చూపు గుమాస్తా మీద పడింది. ఆ గుమాస్తా ఆ కొట్లో ఇరవయ్యేళ్ళ నుంచి ఉన్న మనిషి. ‘‘నేను నా ఫోన్లోనే రాశానయ్యా, నా పేరు మీదే రాశాను’’ అన్నాడు. తెర మీద మాత్రం బాబాయి పేరుంది. తెర అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు? యజమాని పేరు మీద దొంగ అరువు రాశాడన్న మాట బయటికి అనలేదు గాని, కొట్టంతా నిండిపోయింది. మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రాత్రి నా కోడు నేనే ఆసాంతం చదువుకున్నాను. తప్పు పన్నెండో లైన్లోనే ఉంది. ‘ఇప్పుడున్నది ఎవరు’ అనే సంగతిని ప్రోగ్రాము మొత్తానికీ ఉమ్మడిగా ఉండే ఒకే ఒక్క డబ్బాలో పెట్టాను. గ్లోబల్ వేరియబుల్ అంటాం. ఎవరు చివర లాగినైతే అందరూ వాళ్ళే. రాసేటప్పుడు పరీక్షించింది నేనొక్కణ్ణే కాబట్టి బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ సాయంత్రం గుమాస్తా పద్దు కొడుతుండగా బాబాయి తన ఫోన్లో లాగినై ఉంటాడు. డబ్బాలో పేరు మారింది.

ఆ డబ్బా తీసేసి, ఫ్లాస్క్ ఇచ్చే సెషన్‌లోకి మార్చాను. అరగంట పని. పొద్దున్నే బాబాయికి ‘‘సర్వరు ప్రాబ్లం, గుమాస్తా తప్పేం లేదు’’ అని చెప్పాను. సర్వరు ప్రాబ్లం! మా వృత్తిలో ఈ రెండు మాటల కింద ఎన్ని తప్పులు పూడ్చామో. బాబాయి మనిషిని పంపి గుమాస్తాను పిలిపించాడు. ఆయన వచ్చాడు. నేను ఆయనతో ఏమీ మాట్లాడలేదు.

గిట్‌హబ్ వాళ్ళది నాలాంటి పసితప్పు కాదు. అక్కడ డబ్బా లేదు, పళ్ళెం ఉంది.

వాళ్ళు అప్పుడు వాడుతున్న సర్వరు ప్రోగ్రాము పేరు యూనికార్న్. ఒక్కో ప్రాసెస్ ఒక్కో వడ్డించేవాడు. ఒక సమయంలో ఒక్కరికే వడ్డిస్తాడు. వచ్చినవాడి వివరాలన్నీ, అడిగిన పేజీ, తెచ్చిన కుకీలు, ఒక పళ్ళెంలో పెట్టుకుని పని మొదలుపెడతాడు. ఆయన లేచాక పళ్ళెం కడిగి తర్వాతివాడికి అదే వేస్తాడు. ప్రతివాడికీ కొత్త పళ్ళెమంటే మెమరీ ఖర్చు. ఒకేసారి ఒక్కరే తింటారు, మధ్యలో కడుగుతున్నాం, ఇక ఇబ్బందేముంది? నిజంగానే ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ గొడవకు కొద్ది ముందే వేగం కోసం ఒక చిన్న మార్పు చేశారు. ఏ కొత్త సదుపాయం ఎవరికి తెరిచి ఉందో ప్రతి వడ్డనలోనూ చూసుకోవడం దండగని, ఆ పనిని వెనక గదిలో ఒక మనిషికి అప్పగించారు. అంటే అదే ప్రాసెస్‌లో పక్కన నడిచే ఒక థ్రెడ్. వాడు ఉండుండి జాబితా సరిచూస్తుంటాడు. ముందు గదిలో పనికి, పళ్ళేనికి వాడికి సంబంధం లేదు. లేదనే అనుకున్నారు.

ఇప్పుడు ముగ్గురు మనుషుల్ని ఊహించుకోండి.

మొదటివాడు వస్తాడు. లాగిన్ లేదు, చీటీ లేదు, ఊరికే చూడ్డానికి వచ్చాడు. వడ్డించేవాడు అలవాటు ప్రకారం గోడ మీద ఒక మాట రాసి పెడతాడు: ఏదైనా గొడవైతే ఈయనెవరో కనుక్కుని ఫిర్యాదు పుస్తకంలో రాయాలి. సరిగ్గా అప్పుడే వెనక గదిలో ఏదో తప్పు జరుగుతుంది. వెనక గది మనిషి ఫిర్యాదు రాయడానికి కూర్చుని, గోడ మీది మాటను తన కాగితం మీదికి ఎక్కించుకుంటాడు. వాడు ఎక్కించుకునేలోపు మొదటివాడు లేచి వెళ్ళిపోయాడు.

రెండోవాడు వచ్చి కూర్చున్నాడు. ఈయన లాగినైన మనిషి, చేతిలో చీటీ ఉంది. వెనక గది మనిషి కాగితం చూసుకుంటాడు: ‘ఈయనెవరో కనుక్కోవాలి’. ఈయన అంటే మొదటివాడు. కానీ కనుక్కోవాలంటే చూడాల్సింది పళ్ళెంలో. పళ్ళెం ఒకటే. ఇప్పుడు అందులో ఉన్నది రెండోవాడి చీటీ. దాన్ని తీసుకుని, సరైనదో కాదో చూడటం మొదలుపెట్టాడు. ఆ చూడటానికి రవ్వంత సమయం పడుతుంది. రవ్వంతంటే మన రెప్పపాటులో ఎన్నో వంతో. ఆ లోపు రెండోవాడి పనీ అయిపోయింది.

మూడోవాడు వచ్చాడు. పళ్ళెం కడిగి వేశారు. అన్నం, పప్పు, ఊరగాయ, అన్నీ మూడోవాడు అడిగినవే. అదే సమయానికి వెనక గదిలో పరిశీలన పూర్తయింది. చీటీ సరైనదే. పద్ధతి తెలిసినవాడు కనుక, తీసినదాన్ని తీసిన చోటే పెట్టాడు. పళ్ళెంలో.

మూడోవాడు పళ్ళెంతో పాటు రెండోవాడి చీటీ కూడా అందుకున్నాడు. ఆ పైన అతను నొక్కిన ప్రతి నొక్కుకీ గిట్‌హబ్ దృష్టిలో అతను రెండోవాడే.

చూడండి, ఇందులో ఎవరి మీద వేలు పెడతాం? వడ్డించేవాడు కడగడం మానలేదు. వెనక గది మనిషి దొంగ కాదు, పైగా తీసింది తిరిగి పెట్టేశాడు. మొదటివాడు అసలేమీ చేయకుండానే కథ మొదలుపెట్టాడు. ఇన్నీ ఒక వరసలో, ఆ వేళకు, ఆ పళ్ళెంలో పడాలి. కావాలని చేద్దామన్నా ఎవడి వల్లా అయ్యే పని కాదు. గిట్‌హబ్ లెక్కలో చిక్కుకున్న సెషన్లు 0.001 శాతం కంటే తక్కువ, అంటే లక్షకు ఒకటి కూడా లేవు. ఫిబ్రవరి 8 నుంచి మార్చి 5 మధ్య, అక్కడో రోజు ఇక్కడో రోజు కలిపితే రెండు వారాల్లోపే ఈ తప్పు బతికి ఉంది.

మార్చి 5న ఆ థ్రెడ్‌ను తీసేశారు. తప్పు ఆగింది. అక్కడితో చేతులు దులుపుకోవచ్చు. కానీ చీటీలు మారినవాళ్ళ బ్రౌజర్లలో అవి ఇంకా ఉన్నట్టే కదా. ఫిర్యాదు రాసింది ఇద్దరే. రాయనివాళ్ళు? తను వేరొకరి ఖాతాలో ఉన్నానని గమనించనివాళ్ళు? లాగులు గాలించి దొరికినవాళ్ళకు విడిగా కబురు చేస్తారు. దొరకనివాళ్ళ సంగతేమిటి? మార్చి 8న రెండో మరమ్మతు పెట్టి, అప్పటిదాకా ఉన్న సెషన్లన్నీ ఒక్క దెబ్బతో రద్దు చేశారు. లక్షకు ఒకటి కూడా లేని తప్పుకి, లోకంలో లాగినై ఉన్న అందరినీ గుమ్మం బయటికి పంపారు.

గ్రీనిచ్ లెక్కలో మధ్యాహ్నం 12:03. మనకి సాయంత్రం 5:33. సోమవారం. మేడ మీద నేను రోజంతా రాసిన కోడు గిట్‌హబ్‌కి ఎక్కించి, పేజీలో చూసుకుందామని తెరిస్తే లాగిన్ తెర వచ్చింది. కింద వీధిలో ఎవరో ప్రభకు మైకు పరీక్ష చేస్తున్నారు. నా పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారనే అనుకున్నాను. చెమటలు పట్టాయి. ఆ రోజే గిట్‌హబ్ భద్రతాధికారి మైక్ హ్యాన్లీ పేరు మీద ప్రకటన వచ్చింది: పాస్‌వర్డులు పోలేదు, తాళాలు పోలేదు, తప్పు మాదే, అందుకే అందర్నీ బయటికి పంపామని దాని సారాంశం. పది రోజుల తర్వాత, 18న, డిర్క్‌యాన్ బుసింక్ అనే ఇంజినీరు మొత్తం కథను ఇప్పుడు నేను చెప్పిన మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు వరసలో, ఏ మెట్టూ దాచకుండా రాశాడు. పళ్ళెం సంగతి కూడా యూనికార్న్ వాళ్ళకే నేరుగా మార్పు పంపి తేల్చాడు. ఆ నెలలోనే వచ్చిన యూనికార్న్ 6లో పళ్ళెం కడిగి వాడే అలవాటు పోయింది. ఇప్పుడు ప్రతివాడికీ కొత్త విస్తరి. తిన్నాక మడిచి పారేయడమే.

ఆ వ్యాసం నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే గుమాస్తా మొహం అడ్డుపడింది. గిట్‌హబ్‌లో ఆ రోజుల్లో చీటీ మారిన మనిషి పేరు మీద ఏదైనా జరిగి ఉంటే, లాగులు చూపించేది ఆ మనిషినే. తెర మీద పడిన పేరుకి సాక్ష్యం అక్కర్లేదని అందరూ అనుకుంటారు. వాళ్ళు అందుకే అంత దూరం వెళ్ళారు. నేను ‘సర్వరు ప్రాబ్లం’ అన్నాను.

ఆ రాత్రి మళ్ళీ నా కోడు తెరిచాను. ఖరీఫ్‌లో చేసిన దిద్దుబాటు సగమే అని అప్పుడు కనబడింది. ఫ్లాస్క్ మామూలుగా సెషన్ వివరాలను కుకీలోనే రాసి, దాని మీద రహస్య తాళంతో ముద్ర వేసి పంపుతుంది. ముద్ర ఉంది కాబట్టి ఎవడూ దిద్దలేడు, చదవడం మాత్రం ఎవడైనా చదవొచ్చు. సర్వరు దగ్గర పుస్తకమంటూ లేదు. ఒకరి ఫోను పోయిందనుకోండి, ఆ ఒక్క చీటీని రద్దు చేసే దారి లేదు. గిట్‌హబ్ దగ్గర ఏ చీటీ ఎవరిదో పుస్తకం ఉంది, కావాలంటే ఒక్క చీటీనీ చించగలదు, అన్నిటినీ చించగలదు. నాకున్న దారి ఒక్కటే: ముద్ర మార్చడం. అప్పుడు పాత చీటీలన్నీ ఒకేసారి చిత్తు కాగితాలవుతాయి. నేనూ డేటాబేసులో ఒక చిన్న పట్టిక పెట్టాను. లాగినైన ప్రతిసారీ కొత్త నంబరు, లాగౌటైతే కొట్టివేత, బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్టులకు కుకీ కనపడకుండా ఒక మాట, తాళం ఉన్న దారిలోనే పంపమని ఇంకో మాట. అన్నీ కలిపి అరవై లైన్లు. తేలికపాటి అప్లికేషన్ అనే పేరుతో నేను మిగిల్చుకున్నది ఆ అరవై లైన్లే.

పొద్దున పదకొండింటికి, రద్దీ లేదులే అనుకుని ముద్ర మార్చాను. రద్దీగానే ఉంది. నిమిషంలో ఫోను.

‘‘ఒరే, నీ యాపు మళ్ళీ నువ్వెవరు, నువ్వెవరు అని అడుగుతోందిరా. ఇక్కడ మనుషులు నిలబడి ఉన్నారు!’’

‘‘వస్తున్నా బాబాయ్.’’

కొట్టుకెళ్ళి ముగ్గురి ఫోన్లూ సరిచేశాను. తర్వాత గుమాస్తాను పక్కకి పిలిచి, ‘‘మావయ్యా, అప్పుడు ఆ మాచర్ల పద్దు... అది నీ తప్పూ కాదు, సర్వరు తప్పూ కాదు. నేను రాసిన దాంట్లో తప్పు. ఆ రోజే చెప్పాల్సింది’’ అన్నాను. బాబాయి గల్లాపెట్టె దగ్గర నుంచి వింటున్నాడు.

గుమాస్తా ఏమీ అనలేదు. నిలబడి ఉన్న రైతు దగ్గరికి వెళ్ళి కట్టలు లెక్కపెట్టాడు. బల్ల కింద నుంచి అట్ట నలిగిన నోటుపుస్తకం ఒకటి తీశాడు. తేదీ, ఊరు, కట్టలు, రేటు. చివర పొడి సంతకం. పక్క పేజీలో, ఆ వెనక పేజీల్లో కూడా అవే, ఆగస్టు నుంచి. అది మళ్ళీ బల్ల కింద పెట్టి, ఫోను తీసి, నా యాపులో అదే పద్దు కొట్టడం మొదలుపెట్టాడు.